పోల్చి చదివే విద్య: మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిష్ సాహిత్యం

(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాస పాఠం)



కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను ఆహ్వానించిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. పెద్దల గుణగణాలను తలచుకోవడం మన సంప్రదాయం. వారు తమ కాలంలో లేవనెత్తిన ప్రశ్నల్లో ఇంకా తేలనివేవో గుర్తించి, వాటిని తర్వాతి తరం ముందు పెట్టడం అంతకన్నా సముచితమైన నివాళి అని నా నమ్మకం. అలాంటి ఒక ప్రశ్నను ఈ సభ ముందు ఉంచుతాను.

రామలింగారెడ్డి గారు 1880లో చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడే ‘ముసలమ్మ మరణము’ రాశారు. ఆయన చదువంతా ఇంగ్లిష్‌లో సాగుతోంది. కావ్యవస్తువు మాత్రం సి.పి. బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన అనంతపురం చరిత్రలోది: చెరువుకట్ట నిలవడం కోసం ప్రాణమర్పించిన ఒక పల్లెటూరి కోడలి కథ. దాన్ని ఆయన తెలుగు పద్యంలో విషాదాంత కావ్యంగా మలిచారు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. బరోడాలో, మైసూరులో అధ్యాపకులుగా పనిచేశారు. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించి, పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ను పాత లక్షణగ్రంథాలు అంతగా పట్టించుకోని వైపు నుంచి పరిశీలించారు. కథాసంవిధానం ఎలా కుదిరింది, పాత్రకు జీవం ఎక్కడినుంచి వచ్చింది, కవి భావన ఎక్కడ స్వతంత్రించింది అని అడిగారు. ఆ పుస్తకం పండితలోకంలో పెద్ద దుమారం రేపింది. అయినా తెలుగు విమర్శ దాని తర్వాత పాత దారిలోకి పూర్తిగా మళ్లలేకపోయింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆయనే తొలి ఉపకులపతి.

ఇంగ్లిష్ చదువు పదునుపెట్టిన చూపుతో తెలుగు కావ్యాన్ని చదివిన మనిషి ఒక విశ్వవిద్యాలయానికి రూపం ఇచ్చాడు. అయితే ఆ రెండు సాహిత్యాలను ఒకే బల్ల మీద పెట్టుకుని చదివే పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో ఎందుకు స్థిరపడలేదు? నా ప్రశ్న ఇదే.

దీనికి సమాధానంగా నేను చెప్పదలచిన మాట కూడా ఒక్కటే. మన దేశంలో ఇంగ్లిష్ సాహిత్యం చదవడమంటే మొదటినుంచీ పోల్చి చదవడమే. ఆ పోలిక తరగతి బయట, అధ్యాపకుల సొంత రచనల్లో, ఘనంగా జరిగింది. తరగతి లోపల, సిలబస్‌లో, ప్రశ్నపత్రంలో దానికి చోటు దొరకలేదు. ఆ చోటు ఇవ్వడం మన ఇంగ్లిష్ శాఖలకు చాలాకాలంగా మిగిలిపోయిన బాకీ. తులనాత్మక సాహిత్యమనే విద్య ఆ బాకీ తీర్చే దారి చూపుతుంది.

చదివి చేసిన పోలిక, చదవకుండా చేసిన పోలిక

1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్స్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. సంస్కృతానికి, గ్రీకుకు, లాటిన్‌కు ఉన్న పోలికలు యాదృచ్ఛికంగా ఏర్పడినవి కావని, అవి ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రతిపాదించాడు. ఆ తర్వాత 30 ఏళ్లకు, 1816లో, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఇంకో అడుగు వేశాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టిందన్న అభిప్రాయాన్ని కాదని, తమిళం, తెలుగు, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా వచ్చిన ఆ వ్యాసంలో సాక్ష్యమంతా తెలుగు ధాతువులు, తెలుగు పదాలే. ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కృషి ఆ సాక్ష్యానికి ఆధారం. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువడింది 1856లో, అంటే ఎల్లిస్ తర్వాత 40 ఏళ్లకు.

అదే కలకత్తాలో, అదే ఫిబ్రవరి 2న, 1835లో మెకాలే తన విద్యాపత్రం మీద సంతకం చేశాడు. అదీ ఒక పోలికే. సంస్కృతం గాని, అరబ్బీ గాని తనకు రావని ఆ పత్రంలోనే ఒప్పుకున్నాడు. అనువాదాలు చదివానని, ఆ భాషలు తెలిసినవారితో మాట్లాడానని చెప్పుకున్నాడు. ఆ బలంతోనే ప్రాచ్య సాహిత్యం మొత్తాన్ని ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అర ముందు నిలబెట్టి తేలికని తీర్పు చెప్పాడు. నెల తిరిగేసరికి, మార్చి 7న, బెంటింక్ ప్రభుత్వం ఇంగ్లిష్ విద్యకు అనుకూలంగా తీర్మానం చేసింది.

ఈ రెండు పోలికల మధ్య తేడా మన చర్చకు కీలకం. జోన్స్, ఎల్లిస్ చేసిన పోలికకు పునాది మూలభాషల అధ్యయనం. వారి వెనుక స్థానిక పండితుల శ్రమ ఉంది. అందువల్ల ఆ పోలిక కొత్త జ్ఞానాన్ని పుట్టించింది. మెకాలే పోలికకు ముందే తీర్పు సిద్ధంగా ఉంది. సాక్ష్యం తర్వాత వచ్చింది. అందువల్ల అది ఒక అధికారాన్ని నిలబెట్టడానికి మాత్రమే పనికొచ్చింది. మన ఇంగ్లిష్ శాఖలకు పునాది పడింది ఈ రెండో పోలిక మీద. తర్వాతి కాలమంతా వాటిని వెంటాడిన ఇబ్బంది అక్కడినుంచి మొదలైంది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. ఇంగ్లిష్ గద్యపద్యాలు పరీక్షాంశాలయ్యాయి. ఇంగ్లండ్‌లో పరిస్థితి చూడండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 1828 నుంచే ఇంగ్లిష్ ఆచార్యపదవి ఉన్నా, ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ ఆనర్స్ శాఖ ఏర్పడింది 1894లో. కేంబ్రిడ్జిలో ఇంగ్లిష్‌కు ప్రత్యేక ట్రైపాస్ వచ్చింది 1917లో. కట్టమంచి వారు కేంబ్రిడ్జిలో చదివే నాటికి అక్కడ అలాంటి పరీక్ష లేదు. మద్రాసు రాష్ట్రంలోని పిల్లలు మాత్రం అప్పటికే అర్ధశతాబ్దంగా ఇంగ్లిష్ సాహిత్యంలో పరీక్షలు రాస్తున్నారు. ఇంగ్లిష్ సాహిత్యం పాఠ్యవిషయంగా ముందు రూపుకట్టింది వలస దేశంలోనని, మతబోధకు వీలులేని చోట నైతికబోధకు అది సాధనమైందని గౌరీ విశ్వనాథన్ 1989లో ప్రకటించిన ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’లో వివరించారు. ఈ విద్య లండన్‌లో పూర్తిగా తయారై మనకు దిగుమతి అయిందనుకోవడం చరిత్రకు సరిపడదు. దాని తయారీలో మనమూ ఉన్నాం. కనుక దాన్ని మార్చుకునే హక్కూ మనకుంది.

అంచుల్లో పుట్టిన విద్య

తులనాత్మక సాహిత్యం ఎక్కడ ఎదిగిందో గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. 1827 జనవరి 31న వైమార్‌లో గోథే ఒక చైనా నవల చదివిన సంతోషంలో ఎకర్మన్‌తో మాట్లాడుతూ, ఇక జాతీయ సాహిత్యాల మాట కన్నా విశ్వసాహిత్యం మాటే ముఖ్యమని అన్నాడు. అంతకు చాలా ముందే, 1791లో, ఆయన ‘అభిజ్ఞాన శాకుంతలం’ చదివి ముగ్ధుడయ్యాడు. జోన్స్ చేసిన ఇంగ్లిష్ అనువాదం నుంచి ఫోర్‌స్టర్ జర్మన్‌లోకి తెచ్చిన పుస్తకం అది. కాళిదాసు ఆయన దగ్గరికి రెండు అనువాదాలు దాటి చేరాడు.

గోథే చెప్పిన మాట విద్యగా రూపం తొడిగింది పెద్ద రాజధానుల్లో కాదు. 1877లో ట్రాన్సిల్వేనియాలోని క్లూజ్ పట్టణంలో, హంగేరియన్, రుమేనియన్, జర్మన్ మాట్లాడేవారు కలిసి బతికే చోట, మెల్ట్‌సల్, బ్రస్సాయి బహుభాషా తులనాత్మక పత్రిక మొదలుపెట్టారు. 1886లో ‘కంపారటివ్ లిటరేచర్’ అన్న పేరుతో పుస్తకం రాసిన పాస్నెట్ ఐర్లండ్‌లో పుట్టి న్యూజీలండ్‌లోని ఆక్లండ్‌లో పాఠాలు చెప్పినవాడు. నాజీ చట్టాల వల్ల మార్బర్గ్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న అవుర్‌బాఖ్, ఇస్తాంబుల్‌లో కూర్చుని హోమర్ నుంచి వర్జీనియా వుల్ఫ్ దాకా పాశ్చాత్య సాహిత్యమంతటినీ పరిశీలించిన ‘మైమెసిస్’ రాశాడు. అది 1946లో బెర్న్‌లో అచ్చయింది. భాషలు ఒకదానికొకటి ఎదురుపడే చోట బతికేవారికి పోలిక నిత్యావసరం. ఒక్క భాషే తిరుగులేకుండా ఏలే చోట దాని అవసరం తోచదు.

మన దేశంలో ఈ ఆలోచనకు గట్టి పునాది వేసింది రవీంద్రనాథ్ ఠాగూర్. స్వదేశీ ఉద్యమకాలంలో ఏర్పడిన జాతీయ విద్యామండలి ఆహ్వానం మీద 1907లో తులనాత్మక సాహిత్యం గురించి మాట్లాడుతూ, ఆ ఉపన్యాసానికి ఆయన ‘విశ్వసాహిత్యం’ అని పేరు పెట్టుకున్నారు. ఆ విద్యామండలి నాటిన సంస్థే 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమైంది. మరుసటి ఏడాదే అక్కడ బుద్ధదేవ్ బోస్ తులనాత్మక సాహిత్య శాఖను స్థాపించారు. ఢాకాలో ఇంగ్లిష్ చదువుకుని, బెంగాలీలో కవిగా ఎదిగిన బోస్ ఆ పనికి పూనుకోవడం సహజంగా జరిగిన పరిణామం. ఆయన తన జీవితంలో చేసిన పనికే శాఖ రూపం ఇచ్చారు.

ఇంకో సంఘటన 1968లో నైరోబీలో జరిగింది. గుగీ వా థియాంగో, ఓవుర్ అన్యుంబా, తబాన్ లో లియాంగ్ అనే ముగ్గురు అధ్యాపకులు ఇంగ్లిష్ శాఖను రద్దు చేయాలని ప్రతిపాదించారు. ఇంగ్లిష్ సాహిత్యాన్ని చదవవద్దని వారు అనలేదు. కేంద్రంలో ఆఫ్రికా సాహిత్యాన్ని, అందులోనూ మౌఖిక సాహిత్యాన్ని పెట్టి, అక్కడినుంచి చుట్టూ ఉన్న లోకాన్ని చూడాలన్నారు. ఆ వాదం ఫలించి అక్కడ సాహిత్య శాఖ ఏర్పడింది. మన ఇంగ్లిష్ శాఖల్లో గుగీ రచనలు చాలాచోట్ల పాఠ్యాంశాలు. ఆయన అడిగిన ప్రశ్నను మాత్రం మన శాఖలు తమకు తాము వేసుకోలేదు.

తెలుగునేల మీద సంస్థలకు కొరత లేదు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా చేసుకుని, అనువాద విభాగం ద్వారా పాఠ్యగ్రంథాలు తయారు చేసుకుంది, ఇంగ్లిష్‌ను నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచింది. తెలుగు ఇంటిభాషగా ఉన్న విద్యార్థి అక్కడ మూడు భాషల మధ్య చదువుకున్నాడు. విశాఖలో ఇంగ్లిష్ ఆచార్యులుగా ఉన్న కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ 1962లో ‘ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్’ ప్రకటించి, భారతీయులు ఇంగ్లిష్‌లో రాసిన సాహిత్యానికి తరగతిలో ప్రవేశం కల్పించారు. హైదరాబాదులో 1958లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ నేడు ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1988లో తులనాత్మక సాహిత్య కేంద్రం ఏర్పడింది. భవనాలు ఉన్నాయి, గ్రంథాలయాలు ఉన్నాయి, పండితులు ఉన్నారు. లోటు ఉన్నదల్లా శాఖకూ శాఖకూ మధ్య రాకపోకల్లో.

తరగతి బయట జరిగిన పని

ఇరవయ్యో శతాబ్దంలో భారతీయ భాషల్లో ఆధునిక సాహిత్యాన్ని నిర్మించినవారిలో ఎంతమంది ఇంగ్లిష్ అధ్యాపకులో ఒక్కసారి లెక్కకు తెచ్చుకోండి. మైసూరు మహారాజా కళాశాలలో ఇంగ్లిష్ చెప్పిన బి.ఎం. శ్రీకంఠయ్య ఇంగ్లిష్ గీతాలను కన్నడంలోకి తెచ్చి నవోదయ కవిత్వానికి బాట వేశారు. అదే మైసూరులో ఇంగ్లిష్ బోధించిన యు.ఆర్. అనంతమూర్తి 1965లో ‘సంస్కార’ ప్రకటించారు. అలహాబాదు విశ్వవిద్యాలయ ఇంగ్లిష్ శాఖలో ఫిరాఖ్ గోరఖ్‌పురి ఉర్దూ గజల్ రాశారు, హరివంశరాయ్ బచ్చన్ హిందీ కవిత్వం రాశారు. బచ్చన్ కేంబ్రిడ్జిలో యేట్స్ మీద పరిశోధన కూడా చేశారు. కేరళలో అయ్యప్ప పణికర్ ఇంగ్లిష్ ఆచార్యులు. మలయాళ ఆధునిక కవిత్వం ఆయన ‘కురుక్షేత్రం’తో మలుపు తిరిగింది.

మన దగ్గర ఈ వరుసలో తొలిపేరు గురజాడది. విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే బోధించారు. మొదట ఇంగ్లిష్‌లో ‘సారంగధర’ రాశారు. అది చదివిన పత్రికాసంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ సొంతభాషలో రాయమని ఆయనకు సలహా ఇచ్చారు. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో ఇంగ్లిష్ చదువు పాత్రల నోళ్లలోనే వినిపిస్తుంది. గిరీశం మాటల్లో ఇంగ్లిష్ ఎప్పుడు వస్తుందో, ఎవరి ముందు వస్తుందో, దానితో అతను ఏం సాధిస్తాడో చూడండి. వలసపాలనలో ఒక భాష మరో భాష మీద సంపాదించిన పెత్తనాన్ని ఇంత సూక్ష్మంగా పరిశీలించిన రచన అరుదు. మదనపల్లెలో ఇంగ్లిష్ బోధించిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య నవల, కథ నిర్మాణరహస్యాలను తెలుగు పాఠకులకు విప్పి చెప్పి, ‘కథాశిల్పం’కు 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు.

వీరందరి జీవితాల్లో ఒక సామాన్యలక్షణం ఉంది. పగలు తరగతిలో షేక్స్‌పియర్, వర్డ్‌స్‌వర్త్. సాయంత్రం ఇంటి దగ్గర సొంత భాష. మొదటిది ఉద్యోగం, రెండోది సాధన. తరగతిలో చెప్పిన దానికి రాత్రి రాసిన దానితో విడదీయలేని సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని విద్యార్థికి చూపించే పేపర్ సిలబస్‌లో లేదు. ఒక తరం తన తెలివితో, తన ఖర్చుతో చేసిన పోలికను సంస్థ తన ఆస్తిగా మలచుకోలేకపోయింది. ఆ తరం వెళ్లిపోగానే ఆ విద్యా వారితోనే వెళ్లిపోయింది. కవులు, విమర్శకులు అయిన ఇంగ్లిష్ ఆచార్యుల సంఖ్య నేడు తగ్గిందని బాధపడేవారు ఈ కారణాన్ని కూడా గమనించాలి.

పోల్చి చదవడమంటే

పోలిక అనగానే మన పరిశోధనల్లో వెంటనే తలెత్తేది ప్రభావం. ఎవరు ఎవరినుంచి తీసుకున్నారన్న వెతుకులాట అది. 1958లో రెనె వెలెక్ తులనాత్మక సాహిత్యం సంక్షోభంలో ఉందని హెచ్చరించింది ఈ అప్పుల లెక్కలను ఉద్దేశించే. మన దగ్గర ఈ లెక్కకు ఇంకో ప్రమాదం తోడైంది. అప్పిచ్చినవాడు ఎప్పుడూ ఇంగ్లిష్‌వాడే, పుచ్చుకున్నవాడు ఎప్పుడూ తెలుగువాడే. అలాంటి పరిశోధన మెకాలే తీర్పుకే సాక్ష్యాలు పోగుచేస్తుంది.

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’నే తీసుకుందాం. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దానికి ప్రేరణ అన్న సంగతి అందరికీ తెలుసు. అక్కడితో ఆగితే నేర్చుకునేది ఏమీ లేదు. ఇంగ్లండ్‌లోని ఒక పల్లె మతగురువు కుటుంబకథ ధవళేశ్వరంలోని బ్రాహ్మణ గృహస్థు ఇంటికి వచ్చినప్పుడు ఏవి నిలబడ్డాయి, ఏవి విరిగిపోయాయి? జాతకాలు, రసవాదం, వితంతువుల దుస్థితి, బంధువుల ముఖస్తుతి కథలోకి రావడంతో దాని నైతికకేంద్రం ఎటు జరిగింది? గోల్డ్‌స్మిత్ కథలో దైవం మీది నమ్మకం నిర్వహించిన పాత్రను వీరేశలింగం కథలో ఏది నిర్వహించింది? అలా అడిగితే రెండు పుస్తకాలూ కొత్తగా కనిపిస్తాయి. పైగా 1887లో ఈ తెలుగు నవల ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. ఈ రాకపోకలు రెండు దిక్కులా జరిగాయి.

ప్రభావమే లేని చోట పోలిక మరింత ఫలిస్తుంది. 1509లో విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ సింహాసనం ఎక్కారు. ఒకరి సంగతి ఒకరి సాహిత్యానికి తెలియదు. రెండు దేశాల్లోనూ రచయితల ముందు ఒకే ప్రశ్న ఉంది: పండితభాషలో రాయాలా, దేశభాషలో రాయాలా? ఇంగ్లండ్‌లో థామస్ మోర్ 1516లో ‘యుటోపియా’ను లాటిన్‌లో రాశాడు. ఐరోపా పండితులు చదవాలంటే ఇంగ్లిష్ చాలదు మరి. దాని ఇంగ్లిష్ అనువాదం 1551లో గాని రాలేదు. 1526లో కొత్త నిబంధనను ఇంగ్లిష్‌లో అచ్చువేసిన టిండేల్ ప్రవాసంలో బతికి, 1536లో మరణశిక్షకు గురయ్యాడు. ఇక్కడ సంస్కృతంలో నాటకం రాయగల రాజు, కన్నడ దేశంలో రాజధాని ఉన్న రాజు, తమిళ భక్తకవయిత్రి గోదాదేవి కథను తెలుగులో ‘ఆముక్తమాల్యద’గా రాశాడు. తెలుగులో రాయమని కలలో ఆంధ్రవిష్ణువే ఆదేశించాడని కావ్యావతారికలో చెప్పుకున్నాడు. ఒకచోట దేశభాషను ఎంచుకోవడం ప్రాణాపాయం, మరోచోట దైవాజ్ఞ.

ఈ పోలిక ఇంగ్లిష్ విద్యార్థికి ఒక పెద్ద సత్యం నేర్పుతుంది. ఇంగ్లిష్ ఎల్లకాలం ఏలిన భాష కాదు. పదహారో శతాబ్ది తొలినాళ్లలో అదీ తన స్థానం కోసం పెనుగులాడుతున్న దేశభాషే. షేక్స్‌పియర్ పుట్టడానికి ఇంకా అర్ధశతాబ్దం ఉంది. తెలుగుకు అప్పటికే నన్నయ, తిక్కన, ఎర్రన, శ్రీనాథుడు, పోతన ఉన్నారు. ఈ మాట నేను గొప్పకు చెప్పడం లేదు. ఒక భాష హోదా చరిత్రలో తయారవుతుందని, చరిత్రలోనే మారుతుందని గ్రహించిన విద్యార్థి ఇంగ్లిష్‌ను భయంతో గాని, ఆరాధనతో గాని చదవడు. అవగాహనతో చదువుతాడు.

‘ఆముక్తమాల్యద’ను నిజంగా చదవాలంటే తమిళ వైష్ణవం, సంస్కృత కావ్యరీతి, విజయనగర చరిత్ర తెలియాలి. అంటే మన పోలిక పడమటివైపే చూస్తే సరిపోదు, ఇరుగుపొరుగునూ చూడాలి. పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’ను 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తంజావూరు నాయకరాజుల ఆస్థానంలో తమిళనేల మీద తెలుగు యక్షగానం వికసించింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ సంస్కృత భారతాన్ని ఎదురుగా పెట్టుకుని, ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఏది పెంచాలి అని ప్రతి ఆశ్వాసంలోనూ నిర్ణయించుకున్నాడు. మన కావ్యసాహిత్యం ఆ నిర్ణయాలతోనే మొదలైంది. మనకు తులనాత్మక దృష్టి పరాయిది కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

అభ్యంతరాలు, ప్రతిపాదనలు

ఈ వాదానికి బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది లోతుకు సంబంధించినది: రెండు సాహిత్యాలు చదివేవాడికి ఏదీ పూర్తిగా రాదంటారు. పోలిక పేరుతో అనువాదాలను మాత్రమే చదివితే ఈ భయం నిజమవుతుంది. అందుకే తులనాత్మక సాహిత్యంలో మూలభాషలో చదవడం తప్పనిసరి క్రమశిక్షణ. మన విద్యార్థికి ఇక్కడ సహజంగా అమరిన బలం ఒకటుంది. లండన్‌లో చదివే విద్యార్థి ఏళ్ల తరబడి శ్రమపడి రెండో భాష నేర్చుకోవాలి. మనవాడు రెండు భాషలతోనే తరగతిలో అడుగుపెడతాడు. ఆ రెండింటిలో ఒకదాన్ని గుమ్మం దగ్గర వదిలి రమ్మంటున్నది మనమే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఇంగ్లిష్ శాఖకు నేడు వచ్చే విద్యార్థుల్లో చాలామంది తమ కుటుంబంలో తొలిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కినవారు. వారికి ఇంగ్లిష్ ఉద్యోగం, హోదా, ఊళ్లో పీడించిన కులపు చూపునుంచి విముక్తి. వారి చేతుల్లో మళ్లీ తెలుగు పుస్తకం పెట్టడం వెనక్కి నెట్టడం కాదా అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. తెలుగు అంటే ప్రబంధాలు మాత్రమేనని మనం చెబితే ఆ అభ్యంతరం న్యాయమే అవుతుంది. ఆ విద్యార్థి వెంట వచ్చే సాహిత్యం అంతకన్నా విశాలమైనది. ఒగ్గుకథ, పల్నాటి వీరుల కథ, కాటమరాజు కథలు, జాంబపురాణం ఉన్నాయి. తండాల్లో లంబాడీ పాటలున్నాయి. హోమర్‌ను, ‘బేవుల్ఫ్’ను మౌఖిక సంప్రదాయం నుంచి వచ్చిన కావ్యాలుగా బోధించే తరగతిలో, వీరగాథను చిన్నప్పటినుంచీ చెవులారా విన్న విద్యార్థికి ఉన్న జ్ఞానం అధ్యాపకుడికి కూడా ఉండకపోవచ్చు. ఆ జ్ఞానాన్ని పాఠంలోకి పిలిస్తే అతని ఇంగ్లిష్ చదువు బలపడుతుంది, ఆత్మవిశ్వాసమూ పెరుగుతుంది. నైరోబీ అధ్యాపకులు మౌఖిక సాహిత్యాన్ని కేంద్రంలో పెట్టమన్నది ఇందుకే.

నా ప్రతిపాదనలు నాలుగు. ఒకటి: ఎం.ఏ. ఇంగ్లిష్‌లో ఒక పేపర్ తెలుగు గాని, విద్యార్థి ఇంటిభాష గాని మూలంలో చదివి, ఇంగ్లిష్ రచనతో పోల్చి రాసేదిగా ఉండాలి. రెండు: ఎం.ఏ. తెలుగులోనూ ఒక అన్యభాషా సాహిత్యానికి అలాంటి చోటే ఉండాలి. ఆ భాష ఇంగ్లిష్ కావచ్చు, ఉర్దూ, కన్నడం, తమిళం, సంస్కృతం కావచ్చు. మూడు: అనువాదం వ్యాపకంగా మిగిలిపోకుండా, చదివే పద్ధతిగా పరీక్షలోకి రావాలి. ఒక పుట అనువదించి, తాను తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కారణం రాయగల విద్యార్థి ఆ పుటను ఎంత లోతుగా చదివాడో దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది. నాలుగు: తులనాత్మక పరిశోధనలకు రెండు శాఖల నుంచీ ఇద్దరు పర్యవేక్షకులు ఉండాలి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ‘కళాపూర్ణోదయము’ను 2002లో ఇంగ్లిష్‌లోకి తేవడం ఇలాంటి జతపనికి మంచి ఉదాహరణ. అమెరికాలో అచ్చయిన ఆ పుస్తకం మన ఇంగ్లిష్ శాఖల్లో పాఠ్యాంశం కావడానికి ఏ అడ్డంకీ లేదు. దాని పక్కనే తెలుగు మూలాన్ని పెట్టి చదివించడానికి అంతకన్నా అడ్డంకి లేదు.

వీటికి కొత్త భవనాలు అక్కరలేదు, పెద్ద నిధులూ అక్కరలేదు. సిలబస్ మార్పులు ప్రతిపాదించే అధికారం ప్రతి విశ్వవిద్యాలయంలోనూ బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంది. ఆ బోర్డుల్లో కూర్చునేవారు ఈ సభలోనూ ఉన్నారు. ఇంగ్లిష్ శాఖ, తెలుగు శాఖ సభ్యులు ఒక్కసారి కలిసి కూర్చుని, వచ్చే విద్యాసంవత్సరానికి ఒక్క ఉమ్మడి పేపర్ తయారు చేయండి. ఏ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టాలన్న చర్చే మీ శాఖలకు తొలి తులనాత్మక పాఠమవుతుంది. మన విద్యార్థులు ఇంగ్లిష్‌ను ఎవరికో తీసిపోయినవారిలా చదివే అవసరం ఇక లేదు. రెండు సాహిత్యాలకు వారసులుగా, రెండింటినీ ప్రశ్నించగల పాఠకులుగా వారిని తయారు చేయడం విశ్వవిద్యాలయం కర్తవ్యం. ఆ కర్తవ్యాన్ని స్వీకరించమని అధ్యాపకులను సవినయంగా కోరుతున్నాను. దాన్ని మీ హక్కుగా అడగమని విద్యార్థులకు చెబుతున్నాను.